సీప్యాప్ మిషన్ అటకెక్కకుండా చూడటం ఎలా

నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస ఆగే జబ్బుని స్లీప్ ఆప్నియా అంటారు. దానికి మాస్క్ ద్వారా గాలి పంపే మిషనే సీప్యాప్. స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో శ్వాసని కొలిచే పరీక్ష) చేయించి, రిపోర్టు చూసి హడలిపోయి, వేలకు వేలు పోసి మిషన్ కొనేదాకా అంతా చకచకా జరిగిపోతుంది. అసలు తంటా ఆ తర్వాతే. నాలుగు రాత్రులు పెట్టుకుంటారు, అయిదో రాత్రి ‘ఈ ఒక్క రోజుకీ వద్దులే’ అంటారు. నెల తిరిగేసరికి మిషన్ అట్టపెట్టెలోకి, అట్టపెట్టె అటక మీదికి చేరిపోతాయి. ఇంట్లోవాళ్లు దీన్ని మొండితనం కింద జమకడతారు. చాలా ఇళ్లలో అది మొండితనం కాదు. మాస్క్ పీకేసిన ప్రతి రాత్రికీ ఏదో ఒక కారణం ఉంటుంది. ముక్కు దిబ్బడేసి ఉంటుంది, కంట్లోకి గాలి కొడుతుంటుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, పొట్ట ఉబ్బుతుంది. కారణం దొరికితే చాలావాటికి రెండు మూడు రోజుల్లోనే విరుగుడు ఉంది. దొరక్కపోతే ఎంత బతిమాలినా లాభం లేదు.

ఇంకో సంగతి. మిషన్ వాడకం నిలబడుతుందా లేదా అన్నది మొదటి వారంలోనే చాలావరకు తేలిపోతుందని అధ్యయనాలు చూపించాయి. మొదటి నాలుగైదు రాత్రులు ఎన్ని గంటలు పెట్టుకున్నారో, నెలల తర్వాతా ఇంచుమించు అదే తీరు. కాబట్టి ‘మెల్లగా అలవాటవుతుందిలే’ అని వదిలేయకండి. మొదటి పదిహేను రోజులూ ఇంట్లో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి.

ముందుగా తీర్చాల్సిన భయాలు

మూతికి మాస్క్ చూడగానే చుట్టాలు ‘అయ్యో, ఆక్సిజన్ పెట్టారా?’ అని మొదలుపెడతారు. ఇది ఆక్సిజన్ మిషన్ కాదు, వెంటిలేటరూ కాదు. గదిలో ఉన్న గాలినే కాస్త ఒత్తిడితో పంపుతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంటే, ఆ గాలి ఒత్తిడి దారిని తెరిచి ఉంచుతుంది. శ్వాస తీసుకునేది మనిషే.

‘ఒకసారి మొదలెడితే ఇక మానలేమట కదా’ అన్నది రెండో భయం. కళ్లజోడు ఎలాగో ఇదీ అంతే, పెట్టుకున్నంతసేపే పని చేస్తుంది. మానేస్తే పాత జబ్బు పాత చోటికి వస్తుంది తప్ప కొత్తగా ఏదీ పుట్టదు.

మూడోది, పైకి చెప్పుకోనిది: ‘నిద్రలో కరెంటు పోతే ఊపిరాడక పోతానేమో.’ ముక్కు వరకే ఉండే మాస్క్ అయితే నోరు తెరిచి పీల్చుకోవచ్చు. ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్‌లో గాలి ఆగగానే బయటి గాలికి దారిచ్చే చిన్న వాల్వ్ ఉంటుంది. మాటలతో చెప్పడం కంటే చేసి చూపించడం మేలు. పగటిపూట కూర్చోబెట్టి, మాస్క్ పెట్టి, రెండు నిమిషాలయ్యాక మెయిన్ స్విచ్ కట్టేయండి. గాలి ఆగినా శ్వాస ఆడుతుందని మాస్క్ పెట్టుకున్న మనిషికే తెలుస్తుంది. భయం సగం అక్కడే పోతుంది.

ఎన్ని గంటలు?

‘రోజుకి నాలుగు గంటలు చాలు’ అన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. అది వైద్యం లెక్క కాదు, ఇన్సూరెన్స్ లెక్క. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మిషన్ ఖర్చు భరించాలంటే, వరసగా 30 రోజుల్లో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడినట్టు చూపాలి. ఆ అంకె అక్కడి నుంచి అందరికీ పాకింది. వాడిన గంటల్ని బట్టి ఫలితాన్ని కొలిచిన ఒక అధ్యయనంలో, పగటి మత్తు తగ్గుతోందని మనిషికి అనిపించడానికి సుమారు 4 గంటలు, పరీక్షలో ఆ మత్తు తగ్గినట్టు కనబడటానికి 6 గంటలు, రోజువారీ పనుల్లో చురుకు రావడానికి 7.5 గంటలు అవసరమయ్యాయి. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. గుండెపోటు, పక్షవాతం లాంటివి అందులో తగ్గలేదు. అంత తక్కువ వాడకం వల్లే ఇలా వచ్చిందా అన్న చర్చ నడుస్తూనే ఉంది.

గంటల లెక్క కంటే ముఖ్యమైనది ఏ గంటలు అన్నది. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. ఆ దశలోనే గొంతు బాగా వదులై, శ్వాస ఎక్కువసేపు ఆగుతుంది. మూడింటికి బాత్రూంకి లేచి, తిరిగొచ్చాక మాస్క్ పక్కన పడేసి పడుకునేవాళ్లు సరిగ్గా జబ్బు ముదిరే వేళకే మందు ఆపేస్తున్నారన్నమాట. అందుకే మాస్క్ మొత్తం ఊడదీయకుండా ట్యూబ్‌ని మాత్రం విడదీసుకుని బాత్రూంకి వెళ్లడం నేర్పండి. చాలా మాస్కుల్లో ట్యూబ్ కలిసే చోట నొక్కితే ఊడే క్లిప్ ఉంటుంది. తిరిగొచ్చి తగిలించడం చీకట్లో కూడా రావాలి.

మధ్యాహ్నం భోజనమయ్యాక వేసే కునుకూ నిద్రే. దానికీ మాస్క్ కావాలి. పడక్కుర్చీలో టీవీ చూస్తూ గురక పెట్టే పెద్దాయన్ని లేపి మంచం మీదికి పంపడం ఇంట్లోవాళ్ల వంతు.

రాత్రికి ముందు పగటి సాధన

కొత్త మాస్క్‌ని తొలిసారి రాత్రి పదకొండింటికి, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు పెట్టడం కంటే పొరపాటు ఇంకోటి లేదు. ముఖ్యంగా లిఫ్ట్‌లో, ఎంఆర్ఐ గదిలో ఉక్కిరిబిక్కిరయ్యే మనుషులకి పగటి సాధన తప్పనిసరి.

మొదట ట్యూబ్ తగిలించకుండా, పట్టీలు బిగించకుండా మాస్క్‌ని చేత్తో పట్టుకుని ముఖానికి ఆనించుకోమనండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసే వీలు తన చేతిలోనే ఉండాలి. అది కష్టంగా అనిపించని రోజున మిషన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా అలాగే చేత్తో పట్టుకోవాలి. నోరు మూసుకుని ముక్కుతో నిదానంగా పీల్చి వదలాలి. ముక్కు మాస్క్ పెట్టుకుని నోరు తెరిస్తే గాలి బుస్సుమని నోట్లోంచి తన్నుకొస్తుంది. దానికి కంగారుపడొద్దని ముందే చెప్పండి, మూసుకోగానే ఆగిపోతుంది. ఆ తర్వాత పట్టీలు బిగించి, కూర్చుని అరగంట సీరియలో వార్తలో చూడాలి. ఆపైన పగటి కునుకు. రాత్రి నిద్ర అన్నిటికంటే చివర.

ఒక్కో మెట్టుకి ఒక రోజు పట్టొచ్చు, మూడు రోజులు పట్టొచ్చు. విసుగు పుట్టేంతగా అలవాటయ్యాకే తర్వాతి మెట్టు. బెదిరితే కిందిమెట్టుకి దిగండి, దానికి మాటలనొద్దు. మాస్క్ తీసేయడం కూడా సాధన చేయించాలి. కళ్లు మూసుకుని, ఒంటి చేత్తో, రెండు సెకన్లలో తీయగలగాలి. ఎప్పుడైనా బయటపడగలనన్న ధీమా ఉన్న మనిషి తొందరపడి తీయడు.

మాస్క్ దగ్గరే సగం కేసులు చెడతాయి

1980ల మొదట్లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టర్ ఈ వైద్యాన్ని మొదలుపెట్టిన కొత్తల్లో మాస్క్‌ని రోజూ రాత్రి ముక్కుకి జిగురుతో అంటించేవారట. ఇప్పుడు పదుల రకాలున్నాయి. అయినా మన దగ్గర చాలామందికి అంటగట్టేది ఒక్కటే, ఫుల్ ఫేస్ మాస్క్. ‘నేను నోటితో పీలుస్తాను’ అనగానే అది చేతిలో పెడతారు. అది మొదటి ఎంపిక కాకూడదన్నది మా గట్టి అభిప్రాయం. ముఖం మీద ఎక్కువ చోటుని మూస్తుంది కాబట్టి లీకయ్యే దారులూ ఎక్కువ. గట్టిగా బిగిస్తే కింది దవడని వెనక్కి నెట్టి, తెరవాల్సిన గొంతునే ఇరుకు చేస్తుంది. గొంతు మూసుకుపోతున్నందుకే నోరు తెరిచి పీల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ముక్కు మాస్క్‌తో గొంతు తెరుచుకున్నాక వాళ్ల నోరు దానంతటదే మూసుకుంటుంది. ముక్కు నిజంగానే పూడుకుపోయి ఉన్నవాళ్లకి, ముక్కు మాస్క్ పెట్టి చూశాక కూడా రాత్రంతా నోట్లోంచి గాలి పోతున్నవాళ్లకి ఫుల్ ఫేస్ సరే.

ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న పిల్లో మాస్క్ గుబురు మీసాలున్నవాళ్లకి, ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్లకి, కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటూ పడుకునేవాళ్లకి హాయి. ప్రెషర్ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి ముక్కు లోపల మంటపుట్టొచ్చు.

కొలత ఎప్పుడూ పడుకోబెట్టి, మిషన్ ఆన్‌లో ఉంచి, నిద్రపోయే దిండు మీదే చూడాలి. షాపులో కూర్చోబెట్టి చూసిన కొలత మంచం మీద నిలవదు. పడుకోగానే చెంపలు పక్కలకి జారి ముఖం ఆకారమే మారుతుంది. కట్టుడు పళ్లు తీసి పడుకునేవాళ్లయితే పళ్లు తీసేశాకే కొలత చూడాలి. ముక్కుపుడక ఉన్న ఆడవాళ్లకి ముక్కు మాస్క్ అంచు సరిగ్గా పుడక మీదకి వస్తే లీకు ఖాయం. రాత్రిపూట పుడక తీయడం ఇష్టం లేకపోతే, దాని మీద ఆనని ఆకారం ఉన్న మాస్క్ వెతకాలి.

బిగింపు గురించి. లీకవుతుందనగానే పట్టీ లాగడం అందరి మొదటి పని, చాలాసార్లు అదే తప్పు. మాస్క్ అంచున ఉండే సిలికాన్ పొర గాలితో ఉబ్బి ముఖానికి అతుక్కుంటుంది. పట్టీ అతిగా లాగితే ఆ పొర నలిగి ముడత పడి, ఇంకా ఎక్కువ లీకవుతుంది. సరైన పద్ధతి ఇది: పట్టీలన్నీ వదులు చేయండి, గాలి వస్తుండగా మాస్క్‌ని ముఖం నుంచి ఒక అంగుళం ముందుకి లాగి మెల్లగా తిరిగి వదలండి. పొర ఉబ్బి సర్దుకుంటుంది. అప్పుడు కింది పట్టీలు రెండూ సమానంగా, ఆ తర్వాత పైవి, లీకు ఆగేంతవరకే బిగించండి. పట్టీ కింద వేలు దూరాలి. పొద్దున్న లేచాక ముక్కు దూలం మీద ఎర్రటి గీత గంట దాటినా పోకపోతే బిగింపు ఎక్కువైనట్టే, లేదా కొలత తప్పినట్టే. పుండు పడేదాకా ఆగొద్దు.

తలకి నూనె రాసుకుని పడుకునే అలవాటు మన ఇళ్లలో మామూలు. కొబ్బరినూనె తగిలిన పట్టీలు జారతాయి, సాగిపోతాయి. ముఖానికి క్రీమో వాజిలినో రాస్తే సిలికాన్ పొర జారడమే కాదు, త్వరగా పాడవుతుంది కూడా. నూనె తలస్నానానికి ముందు రాసుకోమనండి, రాత్రి ముఖం సబ్బుతో కడుక్కుని తుడుచుకున్నాకే మాస్క్. ఎండాకాలంలో చెమటకి మాస్క్ జారిపోతుంటే మాస్క్ అంచు కింద వేసుకునే పల్చటి గుడ్డ లైనర్లు దొరుకుతాయి. ఫ్యాన్ గాలి తిన్నగా ముఖం మీద కొట్టకుండా మంచం కాస్త జరపడం కూడా పనికొస్తుంది. కళ్లు మండేది లీకు వల్లా ఫ్యాన్ వల్లా అన్నది అప్పుడు తేలిపోతుంది.

మాస్క్‌కి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అది లీకు కాదు, వదిలిన గాలి బయటికి పోయే దారి. పక్కవాళ్లకి గాలి కొడుతోందని ప్లాస్టర్ అంటించి ఆ రంధ్రాలు మూసేసేవాళ్లున్నారు. అలా చేస్తే వదిలిన గాలినే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. ఆ పని చేయనివ్వకండి.

ముక్కు, తేమ, నీళ్లు

ముక్కు దిబ్బడగా ఉంటే ఏ మాస్కూ పనిచేయదు. పడుకునే ముందు ఉప్పునీటి స్ప్రే కొట్టుకోవడం లేదా సెలైన్‌తో ముక్కు కడుక్కోవడం అందరికీ పనికొచ్చే పని. కడుక్కునే నీళ్లు మరగబెట్టి చల్లార్చినవి కావాలి, కొళాయి నీళ్లు పనికిరావు. ఎలర్జీ ఉంటే డాక్టర్ స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. అది రోజూ కొడితే కొద్ది రోజుల నుంచి వారాల్లో గుణం చూపిస్తుంది, ఒక్క రాత్రికి తేల్చేయొద్దు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే దిబ్బడ చుక్కలు, అంటే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ లాంటివి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. అయిదు రోజులు దాటి వాడితే మాత్రం ముక్కు మరింత మూసుకుపోతుంది.

హ్యూమిడిఫయర్ అంటే గాలికి తేమ చేర్చే నీళ్ల తొట్టె. దాని అంకె ఎంత పెట్టాలన్నది ఊరిని బట్టి, గదిని బట్టి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం రాత్రి, ఏసీ లేకుండా పడుకుంటే 1, 2 చాలు, కొందరికి అసలు అక్కర్లేదు. హైదరాబాద్‌లో చలికాలం లేదా ఏసీ గది అయితే ముక్కు ఎండిపోతుంది, 4, 5 దాకా పెంచాల్సి రావొచ్చు. రోజుకో అంకె చొప్పున మార్చుకుంటూ పోండి. ఏసీ గదిలో తేమ పెంచితే ట్యూబ్ లోపల నీళ్లు చేరి, గుటగుటమని చప్పుడై, ముఖం మీద చుక్కలు పడతాయి. చల్లని ట్యూబ్ తగిలి ఆవిరి నీరవడమే కారణం. తేమ ఒక అంకె తగ్గించండి, ట్యూబ్‌ని దుప్పటి కిందుగా పోనివ్వండి లేదా గుడ్డ తొడుగు వేయండి, మిషన్‌ని మంచం ఎత్తుకంటే కాస్త కింద పెట్టండి. వేడెక్కే ట్యూబ్ కొనుక్కుంటే ఈ బెడద దాదాపు ఉండదు.

తొట్టెలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. బ్యాటరీల్లో పోసే నీళ్లు పీల్చే గాలికి పనికిరావు. ఒక రాత్రి దొరక్కపోతే మరగబెట్టి చల్లార్చిన ఆర్వో నీళ్లతో గడిపేయొచ్చు, అదే అలవాటు చేసుకుంటే మాత్రం తొట్టె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఏ నీళ్లయినా మిగిలినవి పొద్దున్నే పారబోయాలి. నీళ్లు నింపిన తొట్టెతో మిషన్‌ని ఎత్తి అటూ ఇటూ తిప్పితే నీళ్లు మోటార్‌లోకి పోతాయి. మిషన్లు పాడవడానికి ఇదో పెద్ద కారణం.

‘గాలి చాలట్లేదు’, ‘గాలి ఎక్కువ కొడుతోంది’

ఈ రెండూ వేర్వేరు జబ్బులు, రెండింటికీ మిషన్ సెట్టింగుల్లోనే మందు ఉంది. మామూలు మిషన్లు 4 నుంచి 20 దాకా (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి లెక్కన) ప్రెషర్ ఇస్తాయి. అవసరాన్ని బట్టి ప్రెషర్‌ని తనే మార్చుకునే ఆటో మిషన్ కొన్నప్పుడు చాలామందికి దాన్ని 4–20 మధ్య అలాగే వదిలేస్తారు. దిట్టమైన మనిషికి 4 ప్రెషర్ దగ్గర గాలి అందనట్టే ఉంటుంది. మాస్క్ పెట్టుకోగానే ‘ఊపిరాడట్లేదు’ అని పీకేస్తే, చాలాసార్లు ప్రెషర్ ఎక్కువై కాదు, తక్కువై. కింది అంకెని 6 లేదా 7కి పెంచమని డాక్టర్‌ని అడగండి. ర్యాంప్ అనే సెట్టింగ్ కూడా ఇలాగే. తక్కువ ప్రెషర్‌తో మొదలై 5 నుంచి 45 నిమిషాల్లో అసలు ప్రెషర్‌కి ఎక్కుతుంది. నిద్ర పట్టడానికి అది కొందరికి మేలు, గాలి చాలని వాళ్లకి నరకం. వాళ్లకి ర్యాంప్ తగ్గించడమో, తీసేయడమో చేయాలి.

ఊపిరి వదలడానికి గాలితో కుస్తీ పట్టాల్సి వస్తోందంటే, వదిలేటప్పుడు ప్రెషర్ కాసింత తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. కంపెనీని బట్టి ఈపీఆర్ అనో, ఫ్లెక్స్ అనో పేరు, 1 నుంచి 3 దాకా అంకెలు. తేమ, ర్యాంప్, ఈ సెట్టింగ్ మీరే మార్చుకోవచ్చు. అసలు ప్రెషర్ అంకెలు మాత్రం డాక్టరో, స్లీప్ టెక్నీషియనో మార్చాలి. యూట్యూబ్ చూసి లోపలి మెనూ తెరవడం తేలికే, కానీ ప్రెషర్ అవసరానికి మించి పెంచితే కొందరిలో మెదడే శ్వాసని ఆపే సెంట్రల్ ఆప్నియా బయటపడుతుంది.

పొట్ట ఉబ్బడం, తెల్లారి లేవగానే త్రేన్పులు, గ్యాస్ ఉన్నాయంటే గాలి మింగుతున్నారన్నమాట. తలవైపు మంచాన్ని నాలుగంగుళాలు ఎత్తడం, పక్కకి తిరిగి పడుకోవడం, రాత్రి భోజనాన్ని పడకకి మూడు గంటల ముందుకి జరపడం చేసి చూడండి. తగ్గకపోతే ప్రెషర్ తగ్గించే వీలుందేమో డాక్టర్ చూస్తారు.

పొద్దున్నే తెరమీద చూడాల్సినవి మూడే

చాలా మిషన్లు లేవగానే రాత్రి లెక్క చూపిస్తాయి. ఎన్ని గంటలు వాడారు, మాస్క్ లీకు ఎలా ఉంది, గంటకి ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది. చివరిదాన్ని ఏహెచ్ఐ అంటారు. స్లీప్ స్టడీలో 5 నుంచి 15 మధ్య ఉంటే తక్కువ తీవ్రత, 15 నుంచి 30 ఓ మోస్తరు, 30 దాటితే తీవ్రం. మిషన్ పెట్టుకున్నాక అది 5 లోపు ఉండాలి. స్లీప్ స్టడీ రిపోర్టులో 48 ఉన్న మనిషికి తెరమీద 3 కనిపిస్తే, ఆ రెండంకెల్నీ పక్కపక్కన రాసి గోడమీద అంటించండి. ‘వాడితే ఏం లాభం’ అన్న ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు లేదు.

ఏహెచ్ఐ ఎక్కువగా ఉంటే ముందు లీకు చూడండి. లీకు ఎక్కువైతే ఆ అంకెని నమ్మలేం. రెస్‌మెడ్ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు హద్దు. వేరే కంపెనీలు లెక్క వేరుగా చూపిస్తాయి కాబట్టి ఆ అంకెని వాటికి పెట్టి చూడొద్దు. లీకు బాగుండి కూడా వారం రోజులుగా ఏహెచ్ఐ 10 పైన ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మిషన్‌లో ఎస్‌డీ కార్డు ఉంటే దాన్ని పట్టుకెళ్లండి. కంప్యూటర్ తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే ఆస్కార్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ కార్డు పెట్టి, ఏ గంటకి లీకు మొదలైందో నిమిషాలతో సహా చూడొచ్చు.

దీనికి తోడు మంచం పక్కన ఒక క్యాలెండర్, పెన్ను. మాస్క్ తీసేసిన వేళ, కారణం ఒక్క ముక్కలో రాయాలి: ‘2:30, ముక్కు’, ‘4, బాత్రూం’, ‘తెలీదు’. పదిహేను రోజుల కాగితం డాక్టర్ ముందు పెడితే ‘పడట్లేదండీ’ అన్న మాటకంటే పదిరెట్లు పనికొస్తుంది. ‘తెలీదు’ అన్న రోజులు ఎక్కువున్నాయంటే నిద్రలోనే పీకేస్తున్నారన్నమాట. చాలా మిషన్లలో మాస్క్ ఊడితే కూత పెట్టే అలారం ఉంటుంది, కొన్నాళ్లు దాన్ని ఆన్ చేసి పెట్టండి.

కరెంటు లెక్క

ఇంట్లో 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ ఉందనుకోండి. దానిలో ఉండేది 1800 వాట్-అవర్లు. బ్యాటరీ పాడవకుండా సగం వాడుకుంటే 900. హ్యూమిడిఫయర్, వేడి ట్యూబ్ ఆపేసిన మిషన్‌కి సుమారు 30 వాట్లు, పాత రకం సీలింగ్ ఫ్యాన్‌కి 75. ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలిపితే 130 వాట్ల దాకా. అంటే కొత్త బ్యాటరీ మీద దాదాపు ఏడు గంటలు, రాత్రి గడిచిపోతుంది. తేమ వేడి కూడా నడిపిస్తే మిషనొక్కటే 80, 90 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి కరెంటు పోయిన రాత్రి హ్యూమిడిఫయర్ ఆపేయమనండి. ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది అయితే మేలు. పాత స్క్వేర్ వేవ్ వాటిమీద అడాప్టర్ గుయ్యిమంటూ వేడెక్కుతుంది. అన్నిటికంటే ముందు, మంచం పక్క ప్లగ్గుకి ఇన్వర్టర్ లైన్ ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఫ్యాన్లకీ లైట్లకే ఇస్తారు.

కడగడం

రోజూ పొద్దున్న మాస్క్ అంచుని తడిగుడ్డతో తుడవాలి. వారానికొకసారి మాస్క్, పట్టీలు, ట్యూబ్, తొట్టె గోరువెచ్చని నీళ్లలో పిల్లల సబ్బుతోనో కొద్దిగా గిన్నెల లిక్విడ్‌తోనో కడిగి నీడన ఆరేయాలి. ఎండలో పెడితే సిలికాన్ గట్టిపడుతుంది. డెట్టాల్, బ్లీచింగ్ వాసన మాస్క్‌లో ఉండిపోయి రాత్రంతా ఊపిరితిత్తుల్లోకే పోతుంది కాబట్టి వాటి జోలికి పోవద్దు. ఓజోన్‌తో శుభ్రం చేస్తామంటూ అమ్మే పెట్టెలూ వద్దు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిమీద హెచ్చరిక ఇచ్చింది.

ఫిల్టర్ ఆర్నెల్లకోసారి మార్చమని మాన్యువల్‌లో ఉండొచ్చు. మన రోడ్డు పక్క ఇళ్ల దుమ్ముకి అది నెలకే బూడిదరంగు తిరుగుతుంది. రంగు మారగానే మార్చేయండి, ధర పెద్దగా ఉండదు. తెల్లటి పేపరు ఫిల్టర్లని కడగకూడదు. నురుగు రకం అయితే కడిగి, పూర్తిగా ఆరాక పెట్టొచ్చు.

ఇంట్లో ఎలా మసలాలి

‘పెట్టుకున్నావా? ఎందుకు తీశావ్?’ అని రోజూ పోలీసు విచారణ చేస్తే మనిషి దాచడం మొదలుపెడతాడు. అడగాల్సింది ‘రాత్రి ఎక్కడ ఇబ్బంది పెట్టింది?’ అని. గురక భరించలేక వేరే గదికి మారిన భార్య మళ్లీ పక్కనే పడుకోవడం చాలామంది మగవాళ్లకి ఏ అంకెకంటే ఎక్కువ పని చేస్తుంది. లీకు చప్పుడు మొదట వినిపించేదీ ఆవిడకే. మొదటి రాత్రుల్లో ఆవిడకి ఈ ఒక్కటి నేర్పండి: పట్టీ లాగకుండా, మాస్క్‌ని కాస్త పైకెత్తి వదలడం.

చుట్టాలొచ్చినప్పుడు సిగ్గుపడి మిషన్ దాచేయడం, పెళ్లికి వెళ్తూ ఇంట్లో వదిలేయడం మామూలు. రెండు రాత్రులు ఆపితే పాత మత్తు తిరిగొస్తుంది, తెల్లారి కారు నడిపేది ఆయనే కదా. రైల్లో అయితే రాత్రిపూట కొన్ని బోగీల్లో ఛార్జింగ్ ప్లగ్గులకి కరెంటు ఆపేస్తారు, దానిమీద ఆధారపడొద్దు. విమానంలో మిషన్ చేతిబ్యాగులోనే పెట్టుకోవాలి, తొట్టె ఖాళీ చేసి. అయ్యప్ప మాల వేసుకుని చాప మీద పడుకునే రోజుల్లోనూ మాస్క్ మానక్కర్లేదు. మిషన్‌ని నేలమీద పెడితే దుమ్ము లాగుతుంది కాబట్టి చిన్న పీట మీద పెట్టి, ఆ కొన్నాళ్లూ తేమ తగ్గించుకుంటే సరి.

మద్యం తాగిన రాత్రి గొంతు మరింత వదులవుతుంది, ఆ రోజు మాస్క్ అవసరం మామూలు కంటే ఎక్కువ. నిద్రమాత్రలు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు.

పాత మిషన్ చేతికొస్తే

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ వాడని మిషన్ పంపడం తెలుగిళ్లలో బాగా జరుగుతోంది. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది, ప్లగ్ పిన్ను మార్చుకుంటే చాలు. ఫిలిప్స్ మిషన్ అయితే 2021 జూన్‌లో ఆ కంపెనీ వెనక్కి పిలిచిన వాటిలో అదుందేమో సీరియల్ నంబరుతో చూడాలి. లోపలి నురుగు పొడిపొడిగా రాలి గాలిలో కలుస్తుందని వాటిని పిలిచారు. మాస్క్, ట్యూబ్, ఫిల్టర్ కొత్తవి కొనాలి. పాత మనిషి ప్రెషర్ అలాగే వదిలేయకుండా, మీ స్లీప్ స్టడీ రిపోర్టు ప్రకారం డాక్టర్ చేత మార్పించాలి. కొనే స్తోమత మీద అనుమానం ఉంటే ముందు నెలో రెండు నెలలో అద్దెకి తీసుకుని, ఏ మాస్క్ పడుతుందో తేల్చుకున్నాక కొనడం తెలివైన పని.

డాక్టర్‌కి ఎప్పుడు చెప్పాలి

రోజూ ఆరేడు గంటలు వాడుతూ, ఏహెచ్ఐ 5 లోపే ఉండి, నెల దాటినా పగలు నిద్ర తూలుతుంటే చెప్పాలి. థైరాయిడ్, రక్తహీనత, వేసుకునే మందులు, వేరే నిద్రజబ్బు ఏదైనా కారణం కావొచ్చు. బరువు పది కిలోలు తగ్గినా పెరిగినా ప్రెషర్ మళ్లీ చూపించుకోవాలి. చెవుల్లో నొప్పి, ముక్కులోంచి తరచూ రక్తం ఉన్నా ఆగొద్దు. ఏ ఆపరేషన్‌కైనా ఆస్పత్రిలో చేరేటప్పుడు మత్తు డాక్టర్‌కి స్లీప్ ఆప్నియా ఉందని ముందే చెప్పి, మిషన్, మాస్క్ రెండూ పేరు రాసిన సంచిలో వెంట తీసుకెళ్లండి. మత్తు దిగే రాత్రి గొంతు మామూలుకంటే ఎక్కువ వదులుగా ఉంటుంది, వార్డులో మీ కొలత మాస్క్ ఉండదు.